బడికి డబ్బుల్లేవంటే ముందు అడగండి, ఏ జేబులో?

పోయిన నెల ఈ పేజీలో విశాఖ మున్సిపల్ బడుల నిర్వహణ గురించి నాలుగు ముక్కలు రాశాను, అప్పట్నుంచి ఉత్తరాలు ఆగలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది తిట్టారు, కానీ దాదాపు అందరూ అడిగింది ఒకటే: నగరంలో బడులకి బడ్జెట్ చాలట్లేదంటున్నారు, ఏం చేస్తే చాలుతుంది? నేను ఆర్థికవేత్తని కాను. ముప్పై ఏళ్లకి పైగా మున్సిపల్ బడుల్లో లెక్కలు చెప్పి, చివర్లో హెడ్మాస్టరుగా క్యాష్ బుక్ రాసి రిటైరైన మనిషిని. కాబట్టి నా జవాబులు క్యాష్ బుక్ వైపు నుంచే ఉంటాయి, ఢిల్లీ వైపు నుంచి కాదు.

ప్రశ్న: మాస్టారూ, మా పాప మున్సిపల్ హైస్కూల్లో ఏడో తరగతి. మొన్న మీటింగులో హెచ్చెమ్ గారు బడ్జెట్ లోటు ఉంది, కరెంటు బిల్లుకీ బాత్రూంలకీ చాక్‌పీసులకీ ఇబ్బందిగా ఉంది, తలా మూడొందలు వేసుకుంటే బాగుంటుందన్నారు. ఇవ్వనంటే పాపని ఏమైనా అంటారేమోనని భయం. నేను కమిటీ మెంబర్నే గానీ నాకేటీ తెలీదు. సంతకం పెట్టమంటే పెడతాను. (మర్రిపాలెం నుంచి ఒక తల్లి)

ఇవ్వక్కర్లేదమ్మా. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రభుత్వ బడిలో ఏ పేరు పెట్టీ ఫీజు వసూలు చెయ్యకూడదు. ఎవరైనా ఇష్టపడి ఇస్తే విరాళం. మీటింగులో నిలబెట్టి, ఎవరిచ్చారో ఎవరివ్వలేదో పేర్లు చదివితే దాన్ని విరాళం అనరు.

అయితే మీ హెచ్చెమ్ గారి మీద కోపం తెచ్చుకోకండి, ఆయన బాధ కూడా నాకు తెలుసు. అసలు గొడవ "బడ్జెట్ లోటు" అన్న మాటలో ఉంది. బడికి ఒక బడ్జెట్ ఉండదు, నాలుగు జేబులుంటాయి, ఒక జేబులో డబ్బు ఇంకో జేబులోకి పోదు. టీచర్ల జీతాలు ప్రధానంగా రాష్ట్ర ఖజానా మీద. మధ్యాహ్న భోజనం వేరే పద్దు, వండేందుకయ్యే ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో పంచుకుంటాయి. బిల్డింగులు, గోడలు, రిపేర్లు ఒక జేబు, అది ఒక్కో పథకం వచ్చినప్పుడు నిండుతుంది, తర్వాత ఏళ్ల తరబడి ఖాళీ. నాలుగోది చిల్లర జేబు: చాక్‌పీసులు, ఫినాయిల్, ట్యూబులైటు, పగిలిన కుళాయి, రిజిస్టర్లు. మీ హెచ్చెమ్ గారు చెప్పిన లోటు ఈ నాలుగో జేబుదే. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్నది, కానీ బడి బాగుందో లేదో పిల్లలకి తెలిసేది దీంతోనే, వాసన వచ్చే బాత్రూం ముందు జీతాల లెక్క ఎవరికి కావాలి చెప్పండి.

ఈ చిల్లర జేబులోకి వచ్చేది సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకి డబ్బిచ్చే పథకం) కింద కాంపోజిట్ స్కూల్ గ్రాంటు. పిల్లల సంఖ్యని బట్టి ఇస్తారు. 30 మంది లోపుంటే ఏడాదికి 10,000, వంద దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, అంతకు మించితే లక్ష. ఈ మెట్లు జాగ్రత్తగా చూడండి. 248 మంది పిల్లలున్న బడికి 50,000, 251 మంది ఉన్న బడికి 75,000. అంటే ముగ్గురు పిల్లలకి పాతిక వేలు. వీధిలో బడి మానేసి తిరుగుతున్న ముగ్గుర్ని తెచ్చి కూర్చోబెడితే వాళ్ల చదువూ వస్తుంది, మీ ఫినాయిలూ వస్తుంది. (దొంగ పేర్లు ఎక్కించే పాత కళ ఇప్పుడు సాగదు, ప్రతి పిల్లాడూ యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో నంబరుతో సహా ఉంటాడు, ఆ ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోండి.) ఇంకో సంగతి, ఈ గ్రాంటులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలని నిబంధన.

రెండోది, మీరు మర్చిపోయిన డబ్బు. బడికెళ్లే పిల్లల తల్లులకి రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం కింద 2025 జూన్‌లో మీ ఖాతాలో ఎంత పడింది? 13,000. పథకం 15,000 కదా. ఆ తేడా 2,000 బడి నిర్వహణ, టాయిలెట్ల నిర్వహణ కోసమని ముందే పట్టుకున్నారు. మీ బడిలో 400 మంది పిల్లలున్నారనుకుందాం, అందరి తల్లులూ అర్హులేననుకుందాం, మీ అందరి నుంచి వెళ్లింది 8 లక్షలు. హెచ్చెమ్ గారు ఇప్పుడడిగే మూడొందల లెక్కన వచ్చేది లక్షా ఇరవై వేలు. ఆ 8 లక్షలూ నేరుగా మీ బడికే రావు, పైన ఒకచోట చేరి తిరిగి కిందికి పంచుతారు, ఆయాకి నెలకి ఇచ్చే 6,000, క్లీనింగు సామాన్లు అందులోంచే. అయినా సరే, మీరు ఇప్పటికే ఇచ్చేసిన మనిషి. ఇచ్చేసిన మనిషి చెయ్యాల్సింది మళ్లీ ఇవ్వడం కాదు, ఇచ్చింది ఎక్కడిదాకా వచ్చిందని అడగడం.

అడగడానికి మీకు అధికారం ఉంది. మీరున్న బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి అని చట్టంలోనే రాశారు, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది కూడా ఆ కమిటీయే. మీరు సంతకం పెట్టే కాగితం అదే తల్లీ. ఈసారి పెట్టే ముందు ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ బిల్లు పెండింగులో ఉంది అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. హెచ్చెమ్ గారు మంచివాడైతే లోపల్లోపల సంతోషిస్తాడు, ఎందుకంటే "తల్లిదండ్రులు అడుగుతున్నారు" అని పై ఆఫీసుకి రాసుకోవడానికి ఆయనకి ఒక ఆధారం దొరుకుతుంది. చెప్పకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో చెప్పాలి. పాపని ఏమైనా అంటారన్న భయం ఉంటే మీరొక్కరే అడగొద్దు, నలుగురు కలిసి వెళ్లండి.

ప్రశ్న: మా వార్డులో బడి మెయిన్ రోడ్డు మీద ఉంది. కాంపౌండ్ గోడ వెంబడి పది షాపులు కట్టి అద్దెకిస్తే నెలకి లక్షొస్తుంది. బడి తన కాళ్ల మీద తను నిలబడుతుంది కదా, ఎందుకు చెయ్యరు? ఖాళీ స్థలం కొంత అమ్మేసినా తప్పేముంది? (గాజువాక నుంచి ఒక వ్యాపారి)

బాబూ, మీరు వ్యాపారం కోణంలో చూశారు, బాగానే ఉంది, నేను ఆ షాపుల వెనక గదిలో పాఠం చెప్పినవాణ్ణి.

ముందు డబ్బు సంగతి. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణని పాఠశాల విద్యాశాఖకి ఇచ్చారు గానీ స్థలాలూ భవనాలూ మున్సిపాలిటీలవే. అంటే మీరు చెప్పిన షాపుల అద్దె బడి ఖాతాలో పడదు, కార్పొరేషన్ సాధారణ నిధిలో పడుతుంది, అక్కణ్ణుంచి కాలవలకి పోతుందో వీధి దీపాలకి పోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ అద్దె ఫలానా బడులకే అని కౌన్సిల్ తీర్మానం చేసి, బడ్జెట్‌లో విడిగా పద్దు పెడితే తప్ప బడికి వచ్చేది శూన్యం. ఆ తీర్మానం కాగితం చూపించేదాకా షాపుల మాట నాకు చెప్పొద్దు.

సరే, తీర్మానం కూడా అయిందనుకోండి. నేను పనిచేసిన ఒక బడిలో గోడ వెంట ఐదు కొట్లుండేవి. అద్దె ఎప్పుడో పెట్టిన అద్దె, పెంచుదామంటే ఒకాయన కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాడు, మిగతావాళ్లు ఆయన్ని చూసి కట్టడమే మానేశారు. టీ కొట్టు ఎంగిలి నీళ్లు మా బాత్రూంల డ్రైనేజీలోకి వదిలేవాడు, ఏడాదికి రెండుసార్లు ఎదురొచ్చేది, శుభ్రం చేయించేది బడి ఖర్చుతో. కిటికీలు మూసుకుపోయి ఎనిమిదో తరగతి గదిలో పట్టపగలు లైటు వేసుకునేవాళ్లం. ఆ కరెంటు బిల్లు కూడా లెక్కలో వేసుకుంటే ఆ షాపుల వల్ల బడి బాగుపడిందో షాపులు బాగుపడ్డాయో నాకిప్పటికీ తేలలేదు. పైగా 2003 నాటి చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదు. మెయిన్ రోడ్డు మీద కిళ్లీ కొట్టు లేని షాపుల వరస మీరెక్కడైనా చూశారా, గాజువాకలో?

స్థలం అమ్మడం అయితే అస్సలు వద్దు. ఒకసారి వచ్చే డబ్బుతో ప్రతి ఏటా వచ్చే ఖర్చు తీర్చడమంటే ఇల్లమ్మి కిరాణా కొట్టు బాకీ కట్టినట్టు. మూడేళ్లకి డబ్బు అయిపోతుంది, స్థలం తిరిగి రాదు, పిల్లలు ఆడుకోవడానికి పోర్టు రోడ్డు ఉంటుంది.

మీకు నిజంగా ఆదాయం కావాలంటే ఇంకో దారి చెప్తాను, ఇది షాపులంత అందంగా కనిపించదు. నగరానికి సొంత ఆదాయమంటే ముఖ్యంగా ఆస్తి పన్ను. 2020లో చట్టం మార్చి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద పన్ను వెయ్యడం మొదలుపెట్టారు, ఏటా 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, ఆలస్యం చేస్తే నెలకి 2 శాతం వడ్డీ. ఇంత ఉన్నా బకాయిలు పేరుకుంటూనే ఉంటాయి. ఇక ఖాళీ స్థలాల పన్ను ఒకటుందన్న సంగతే మధురవాడ, పెందుర్తి వైపు ప్లాట్లు కొని వదిలేసినవాళ్లలో సగం మందికి గుర్తుండదు. అమ్మే రోజున గుర్తొస్తుంది. బడికి డబ్బుల్లేవని నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో ఎంతమంది తమ ఖాళీ ప్లాటు పన్ను కట్టారో నేనడగను, మీరే చూసుకోండి. బకాయిల వసూళ్లలో పెరిగిన దాంట్లో రూపాయికి ఇన్ని పైసలు బడుల నిర్వహణకి అని కౌన్సిల్లో తీర్మానం పెట్టించండి, అంతమంది కార్పొరేటర్లుండే కౌన్సిల్, ఎవరో ఒకరు అడగాలి కదా. బడ్జెట్ మార్చికి ముందు తయారవుతుంది, మనం మేలో అడుగుతాం, అదీ మన తెలివి.

"మున్సిపల్ బాండ్లు వేస్తే?" అని కూడా మీ ఉత్తరం చివర ఉంది. మన విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) 2018లో బాండ్ల ద్వారా 80 కోట్లు తెచ్చింది కూడా. కానీ బాండంటే అప్పు, వడ్డీ ఉంటుంది, అది పైపులైన్లాంటి పెద్ద పనులకి. చాక్‌పీసులకి అప్పు చెయ్యకూడదు. 15వ కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఇక్కడ పనికిరాలేదు, విశాఖలాంటి పది లక్షలు దాటిన నగరాలకి అది ఇచ్చిన గ్రాంట్లు గాలి నాణ్యతకీ, మంచినీళ్లు పారిశుద్ధ్యానికీ ముడిపెట్టి ఇచ్చినవి.

ప్రశ్న: నా జీతంలో ఏటా 4 శాతం ఎడ్యుకేషన్ సెస్సు కోస్తున్నారు. అది మన విశాఖ బడులకి రావాలి కదా? ఎవరు తింటున్నారు? (అక్కయ్యపాలెం ఉద్యోగి)

నాలుగు శాతం మీ జీతం మీద కాదు, మీరు కట్టే ఆదాయపు పన్ను మీద. పేరు కూడా 2018 నుంచి ఆరోగ్య, విద్యా సెస్సు. అది కేంద్రానికి వెళ్తుంది, మామూలు పన్నుల్లాగా రాష్ట్రాలకి వాటా పంచాల్సిన పని లేదు, సెస్సుల మజా అదే. అందులో ప్రాథమిక విద్య భాగం ఒక నిధిలో చేరి సమగ్ర శిక్ష, మధ్యాహ్న భోజనం లాంటి పథకాలుగా తిరిగొస్తుంది, మన రాష్ట్రం 40 పైసలు వేస్తే వాళ్లు 60 వేస్తారు. కాబట్టి ఎవరూ తినేశారని కాదు, చాలా దూరం తిరిగొస్తుంది. రాష్ట్రం తన 40 ఆలస్యం చేస్తే తర్వాతి విడత కూడా ఆలస్యమవుతుంది. మీరు నిలదీయాల్సింది ఆ ఆలస్యాన్ని.

ప్రశ్న: మా అమ్మాయి చికాగోలో ఉంటుంది, మనవడు అక్కడ పబ్లిక్ స్కూల్లో చదువుతున్నాడు. వాళ్ల నగరం బడులకి 73 కోట్ల డాలర్ల లోటని చెప్పింది. అంత డబ్బున్న దేశంలో అలా ఎలా? మనం వాళ్ల నుంచి నేర్చుకునేదేమైనా ఉందా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక తాతగారు)

అయ్యా, మీ ఉత్తరం చదివి నేనూ కాసేపు కూర్చుని చూశాను. మీ అమ్మాయి చెప్పింది నిజమే, 2025-26 ఏడాదికి చికాగో బడులు తేల్చిన లోటు 73.4 కోట్ల డాలర్లు. అక్కడ బడులకి పెద్ద ఆధారం స్థానిక ఆస్తి పన్ను, మనలాగా జీతాల భారం రాష్ట్రం మోసేయదు, అందుకే నగరం దగ్గితే బడికి జ్వరం వస్తుంది.

లోటు ఒక్క రోజులో రాలేదు. కోవిడ్ సమయంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం దేశంలో బడులన్నిటికీ కలిపి మూడు విడతల్లో 19,000 కోట్ల డాలర్ల దాకా ఇచ్చింది. అది ఒకసారి వచ్చే డబ్బు, 2024 సెప్టెంబర్‌తో గడువు అయిపోయింది. కానీ చాలా నగరాలు ఆ డబ్బుతో మనుషుల్ని తీసుకున్నాయి, మనుషుల జీతాలు ప్రతి నెలా ఉంటాయి కదా. డబ్బు ఆగింది, జీతాలు ఆగలేదు. దానికి తోడు చికాగోలో పిల్లల సంఖ్య 20 ఏళ్ల కిందట 4 లక్షలు దాటి ఉండేది, ఇప్పుడు 3 లక్షల 20 వేల చుట్టుపక్కల. పిల్లలు తగ్గారని బిల్డింగు చిన్నదవదు, వాచ్‌మన్ సగం అవడు. పింఛన్ల భారం వేరే.

వాళ్లు ఆ ఏడాదికి ఏం చేశారంటే, నగరంలో అభివృద్ధి మండలాలని కొన్ని ప్రాంతాలుంటాయి, అక్కడ పెరిగిన ఆస్తి పన్ను విడిగా ఒక డబ్బాలో పడుతుంది. ఆ డబ్బాలో మిగులు తేల్చి బడుల వాటాగా 37.9 కోట్ల డాలర్లు లెక్క వేసుకున్నారు, మిగతాది కొన్ని కోతలూ సర్దుబాట్లూ. 2025 ఆగస్టులో బడ్జెట్ గట్టెక్కింది. ఆ డబ్బాలో ప్రతి ఏడాదీ అంత ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ అమ్మాయితో మాట్లాడినప్పుడు అడగండి, మనవడి బడిలో ఎవరిని తీసేశారని. ముందు పోయేది ఎప్పుడూ ఊడ్చేవాళ్లూ, సాయం చేసేవాళ్లే, ఏ దేశమైనా.

ప్రశ్న: జాలారిపేట పక్కన మా చిన్న బడిలో నలభై మంది పిల్లలే. పెద్ద బడిలో కలిపేస్తే ఖర్చు మిగులుతుందంటున్నారు. మీ అభిప్రాయం? (ఒక టీచరు)

టీచరమ్మా, మిగిలేది ఎంతో ముందు కాగితం మీద వెయ్యమనండి. ఇద్దరు టీచర్లుంటే వాళ్లు ఇంకో బడికి వెళ్తారు, జీతం వాళ్లతోనే వెళ్తుంది, పైసా మిగల్లేదు. మిగిలేది ఏడాదికి పాతిక వేల గ్రాంటు, కొంచెం కరెంటు. దాని కోసం ఆరేళ్ల పిల్లలు బీచ్ రోడ్డు దాటాలా? ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలని నిబంధన పెట్టింది ఊరికే కాదు. వేటకెళ్లే ఇళ్లలో తెల్లారకుండా తండ్రి సముద్రం మీద, తల్లి హార్బర్‌లో చేపల దగ్గర, పిల్లని దింపేదెవరు? మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించే 117 జీవో 2022లో వచ్చింది, 2025లో వెనక్కి తీసుకున్నారు, మధ్యలో ఎంతమంది తల్లులు పిల్లల్ని పక్క సందులో ప్రైవేటు బడికి మార్చేశారో మీకు నాకన్నా బాగా తెలుసు. చికాగోలో కూడా 2013లో ఒక్కసారే యాభై దాకా బడులు మూసేశారు, పదేళ్లు దాటాక కూడా వాటిలో చాలా బిల్డింగులు ఖాళీగానే పడున్నాయి. అయితే ఒక మాట. నలభై ఇరవై అయి, ఇరవై పది అయితే నేనూ మీ పక్షాన నిలబడలేను. అక్కడ పక్కపక్కనే ఒకే కాంపౌండులో రెండు బడులుంటే కలపడంలో తప్పులేదు. రోడ్డు దాటించే విలీనం వేరు, గోడ తీసేసే విలీనం వేరు.

ప్రశ్న: మా ఓల్డ్ స్టూడెంట్స్ బ్యాచ్ ఐదు లక్షలు పోగేశాం. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ వాళ్లు కూడా కలుస్తామంటున్నారు. ఏం కట్టించమంటారు? (కంచరపాలెం)

ఏమీ కట్టించకండి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద, అంటే ఈ సీఎస్‌ఆర్ కింద, ఇలాంటి పనులకి పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇమ్మని కూడా ఉంది. రిఫైనరీ, ఎన్టీపీసీ లాంటివి ఉన్న ఊరు మనది, అడిగితే దొరుకుతుంది. కానీ వాళ్లందరికీ రిబ్బన్ కత్తిరించే పనే కావాలి. బిల్డింగు, డిజిటల్ క్లాస్‌రూం, వాటర్ ప్లాంటు. ఆ వాటర్ ప్లాంటు ఫిల్టర్ మార్చడానికి రెండో ఏడాది ఎవరూ ఇవ్వరు, మూడో ఏడాది దాని మీద గొడుగులు ఆరేస్తారు. మీ ఐదు లక్షలు బ్యాంకులో వేసి, దాని వడ్డీ మాత్రం ఏటా రిపేర్లకి ఇస్తామని కమిటీతో రాసుకోండి. కంపెనీ వాళ్లు ఏదైనా పెడతామంటే ఐదేళ్ల నిర్వహణ కూడా కలిపి ఒప్పందం రాయమనండి. ఒప్పుకోకపోతే దండం పెట్టి పంపెయ్యండి. మేడ మీద సోలార్ పలకలు పెడతామంటే మాత్రం కాస్త ఆలోచించండి, అది కరెంటు బిల్లు తగ్గిస్తుంది, ఏటా తగ్గిస్తుంది. హుద్‌హుద్ తుఫానుని గుర్తుపెట్టుకుని బిగించమనండి అంతే, 2014 అక్టోబర్ 12న మా బడి రేకులు ఎవరింట్లో తేలాయో ఇప్పటికీ తెలీదు.

ప్రశ్న: నేను మున్సిపల్ బడి హెచ్చెమ్‌ని. గత ఏడాది నా సొంత డబ్బు నలభై వేల దాకా బడికి పెట్టాను. బిల్లులు పెట్టేలోపే మార్చి అయిపోయి లిమిట్ పోయింది. ఇంట్లో గొడవ. ఇప్పుడేం చెయ్యాలి? (పేరు రాయొద్దన్నారు)

మాస్టారూ, రాయను. ఇది మీ ఒక్కరి కథ కాదు, నాదీ ఇదే.

బయటివాళ్లకి అర్థం కావడానికి చెప్తాను. 2021లో తెచ్చిన పద్ధతిలో సమగ్ర శిక్ష డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండదు. రాష్ట్రానికంతటికీ ఒక నోడల్ ఖాతా, బడిది జీరో బ్యాలెన్స్ ఖాతా, మనకి కనిపించేది ఇంత దాకా వాడుకోవచ్చన్న లిమిట్. బిల్లు పెడితే పై ఖాతాలోంచి దుకాణదారుకి పోతుంది. డబ్బు బడుల్లో మురిగిపోకుండా ఉండాలని పెట్టారు, ఆలోచన మంచిదే. కానీ లిమిట్ ఫిబ్రవరిలో కనిపించి మార్చి 31న మాయమైతే, జూన్ నుంచి ఫినాయిల్ కొన్నవాడు హెచ్చెమ్ తన జేబులోంచి కొన్నట్టే. దేశంలో లెక్కలకెక్కని పెద్ద విరాళం హెడ్మాస్టర్ల జేబు అని నా అనుమానం.

పోయిన ఏడాది డబ్బు గురించి, కమిటీ తీర్మానం, అసలు బిల్లులు కలిపి ఎంఈవో (మండల విద్యాధికారి) ద్వారా రాయండి, వస్తుందని మాటివ్వలేను. ఈ ఏడాది మాత్రం ఇలా చెయ్యొద్దు. జూన్‌లోనే కమిటీని కూర్చోబెట్టి ఈ ఏడాది కావలసినవి ధరలతో సహా తీర్మానం రాయించుకోండి, కొటేషన్లు తెచ్చి ఫైల్లో పెట్టుకోండి. దుకాణదారు వివరాలు ముందే సిస్టంలో ఎక్కించండి, సగం ఆలస్యం అక్కడే. లిమిట్ కనిపించిన రోజే బిల్లు పెట్టేలా ఉండాలి. కరెంటు బిల్లు, మీటరు ఏ కేటగిరీలో ఉందో చూడండి, కొన్నిచోట్ల పాత మీటర్లు ఎవరూ వాడని షెడ్డు పేరు మీద కూడా నడుస్తుంటాయి, నా బడిలో ఒకటి దొరికింది, కనీస ఛార్జీ ఏళ్ల తరబడి కడుతున్నాం. ఇక సొంత డబ్బు పెట్టాల్సి వస్తే పెట్టిన రోజే కమిటీ పుస్తకంలో "హెచ్చెమ్ అప్పుగా ఇచ్చినది" అని రాయించి ఇద్దరు తల్లులతో సంతకం పెట్టించండి. సిగ్గుపడొద్దు. నేను సిగ్గుపడి రాయించలేదు, రిటైరయ్యేనాటికి ఆ లెక్క మా ఆవిడ దగ్గర మాత్రమే ఉంది, ఇప్పటికీ నెలకోసారి చదివి వినిపిస్తుంది.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా క్లాసులో రెండు ఫ్యాన్లు తిరగట్లేదు. అడిగితే బడ్జెట్ లేదంటున్నారు. ఫ్యాన్‌కి ఎంత బడ్జెట్ కావాలి? (అల్లిపురం)

తోస్తే మెల్లగా తిరుగుతోందా? అయితే చాలావరకు కండెన్సర్ పోయినట్టే, ఎలక్ట్రికల్ షాపులో వంద రూపాయల లోపు దొరుకుతుంది. నువ్వు మాత్రం స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లకు, స్టూలెక్కకు. ఒక కాగితం మీద "తొమ్మిదో తరగతి, రెండు ఫ్యాన్లు, కండెన్సర్లు మార్చాలి" అని రాసి, క్లాసంతా సంతకాలు పెట్టి హెచ్చెమ్ గారికిచ్చి, కాంపోజిట్ గ్రాంటులోంచి చెయ్యొచ్చు కదా సార్ అని అడుగు. ఆ పేరు నీకెలా తెలుసని ఆయన ఆశ్చర్యపోతే ఈ పేజీ చూపించు. పది రోజుల్లో తిరగకపోతే గది నంబరు వేసి మళ్లీ రాయి.